దారి చెప్పే వదిన

ఆ కాలు ఊపడం ఆపవే తల్లీ, నాతో సహా మంచమంతా ఊగుతోంది. రేపు నీకు పరీక్ష, తెలుసు. పొద్దుటి నుంచీ ఇంట్లో అందరికీ తెలుసు. గుమ్మం దగ్గర చెప్పులు వరసగా పెట్టుకుని ఇది క్లచ్, ఇది బ్రేకు అంటూ తొక్కుతున్నావట, మీ అమ్మ చెప్పింది. ఒకసారి తప్పావు, అయితే ఏమిటి? మా వదిన రెండుసార్లు తప్పింది. ఏ వదినేమిటే, నాకున్నది ఒక్కత్తే వదిన, మా అన్నయ్య భార్య. మీ నాన్న చిన్నప్పుడు అత్తయ్యా అత్తయ్యా అంటూ ఆవిడ వెంటపడి తిరిగేవాడు. నువ్వు పుట్టకముందే పోయింది. కూర్చో. కూర్చోలేకపోతే నిలబడైనా విను. మా అన్నయ్యా అంతే, ఆ వేసవి సెలవుల్లో ఒక్కచోట కుదురుగా ఉన్న పాపాన పోలేదు. కుర్చీ ఇటు జరుపుకునేవాడు, అటు జరుపుకునేవాడు, లేని బ్రేకు తొక్కేవాడు. నీలాగే.

అన్నయ్య బడిపిల్లల వ్యాను నడిపేవాడు కదా. పసుపు వ్యాను, తలుపు వేస్తే డబ్బా మూత పడ్డట్టు చప్పుడు. ఇల్లంతా దాని మీదే బతికేది. అలాంటిది అన్నయ్యకి చూపు అంచుల్లోంచి మసకబారుతూ వచ్చింది. కళ్ళ డాక్టరు నరం ఎండిపోతోంది, చేసేదేం లేదు అన్నాడు. ఒకరోజు పిల్లలందర్నీ దింపేసి వస్తూ వస్తూ వ్యాను రోడ్డు పక్కన ఆపేశాడు. అక్కణ్ణించి గోడలు తడుముకుంటూ నడిచొచ్చాడమ్మా ఇంటికి. తాళాలు వదిన చేతిలో పెట్టి, "ఇంక నేను తియ్యను. రేపు ఏ పిల్లో అడ్డం వస్తే నాకు కనపడదు" అన్నాడు. అంతే, ఆ తరవాత స్టీరింగు ముట్టుకోలేదు. జీతానికి ఒకణ్ణి పెట్టుకున్నారు. వాడు వీధి చివర గేరు మారిస్తే ఇంట్లో కూర్చున్న అన్నయ్యకి పళ్ళు జివ్వుమనేవి, "చంపేస్తున్నాడు, దాన్ని చంపేస్తున్నాడు" అని లేచి తిరిగేవాడు. సెలవులివ్వగానే వాడూ చెప్పాపెట్టకుండా పోయాడు. ఆ బడి పెద్ద టీచరమ్మ ఉందే, చెడ్డది కాదు, కచ్చితం మనిషి. ఇంటికొచ్చి మంచినీళ్ళు కూడా పుచ్చుకోకుండా, "బడి తెరిచేనాటికి లైసెన్సున్న మనిషి గేటు దగ్గరుండాలండీ. లేకపోతే నేను వేరే వ్యాను మాట్లాడుకుంటాను" అని చెప్పేసి వెళ్ళింది. అప్పుడు వదిన, జన్మలో సైకిలైనా తొక్కని మనిషి, చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, "నేను నేర్చుకుంటా" అంది. అన్నయ్య నవ్వాడు. తరవాత చాలాసేపు నవ్వలేదు.

నేర్పేదెవరు మరి? అన్నయ్యే! ఎల్ బోర్డు తగిలించుకున్నవాళ్ళ పక్కన లైసెన్సున్నవాళ్ళు కూర్చోవాలంటారుగా, కూర్చున్నాడు. లైసెన్సున్నాయనకి చూపు లేదు, చూపున్నావిడకి లైసెన్సు లేదు. నవ్వకే, వెనక సీట్లో కూర్చున్నదాన్ని నేను, నా ప్రాణం నాకు తెలుసు. తెలిసినంత మంది దేవుళ్ళనీ పిలిచేదాన్ని. మొదట కలప మిల్లు వెనక ఖాళీ జాగాలో, తరవాత చిన్న వీధుల్లో. "ఏం కనిపిస్తోందో చెప్పు" అనేవాడు అన్నయ్య. "రోడ్డండీ." "రోడ్డుంటుందని నాకూ తెలుసు! రోడ్డు మీద ఏముంది?" "ఎడంపక్క ఒక సైకిలాయన వెళ్తున్నాడు, వెనక బుట్ట ఉంది." "వెనక్కి చూశాడా?" "లేదండీ." "అయితే నువ్వొస్తున్నట్టు అతనికి తెలీదు. తగ్గించు." అలా ఉండేది వరస. దార్లో ఉన్నదంతా ఆవిడ నోటితో చెప్పాలి, ఆయన చెవులతో చూడాలి. రోజులు గడిచేకొద్దీ ఆయన అడగడం మానేశాడు, ఈవిడ చెప్పడం మాత్రం మానలేదు. వంటింట్లో కూడా అదే అలవాటు, "కుడిపక్క గిన్నె, వెనక పిల్లి" అనుకుంటూ తిరిగేది. మీ నాన్నయితే నవ్వలేక నేల మీద దొర్లేవాడు. ఎక్కడున్నాను? ఆ, పరీక్ష.

మొదటిసారి ఆఫీసరు పక్కన కూర్చోగానే మొదలుపెట్టింది. "ముందు లారీ ఆగి ఉంది, డ్రైవరు దిగుతున్నాడు, గోడ దగ్గర ఒకావిడ పిల్లని ఎత్తుకుని..." ఆయన బిత్తరపోయి, "ఎవరికమ్మా చెబుతున్నారు? నాకు కళ్ళు లేవా? నోరు మూసుకుని నడపండి" అన్నాడు. మూసుకుంది. నోటితోపాటు కళ్ళు కూడా మూసుకున్నట్టయిందట పాపం, సందు మలుపులో చక్రం తీసుకెళ్ళి గట్టు మీదకెక్కించింది. అయిపోయింది. రెండోసారి పక్కింటి దర్జీ భార్య ఉచిత సలహా ఇచ్చింది, నోట్లో చక్కెర బిళ్ళ వేసుకుంటే మాట రాదు వదినగారూ అని. మాట రాలేదు నిజమే. కుడికి తిప్పండి అని ఆఫీసరు అనగానే బిళ్ళ గొంతుకడ్డం పడింది. దగ్గింది, బండి ఆగింది, ఆయన నీళ్ళ సీసా ఇచ్చి మరీ ఫెయిలు చేశాడు. ఆ రాత్రి అన్నయ్య అన్నం ముట్టలేదు. "నావల్లేనే, నీకు లేనిపోని అలవాటు చేశాను" అన్నాడు. "మీరు చేసింది అలవాటు కాదండీ, డ్రైవింగు" అంది వదిన. మర్నాడు మళ్ళీ మిల్లు వెనక్కి.

ఇక బడి తెరిచే ముందు ఆఖరి అవకాశం. అన్నయ్యా నేనూ ఆఫీసు గోడ దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. కూర్చున్నదెక్కడ, నేను చొక్కా పట్టుకుని లాగుతుంటే ఆయన లేస్తూనే ఉన్నాడు. వ్యాను కదిలింది. "మొదటి గేరు... ఇప్పుడు రెండు... వెయ్యి, వెయ్యి... ఆ, వేసింది" అనుకుంటూ చెవి అటు పెట్టాడు. చప్పుడు దూరమై వినపడకుండా పోయాక ఆయన మొహం చూడలేక నేను కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. లోపల ఏం జరిగిందో తరవాత వదిన చెప్పింది. గొంతు రానివ్వకుండా పెదాలు మాత్రం కదుపుతోందట. కాసేపటికి ఆఫీసరు కనిపెట్టేశాడు. "ఏమిటమ్మా ఆ గొణుగుడు?" వదిన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "దేవుడితో చెప్పుకుంటున్నానండి" అందట! ఆయన కాస్త సర్దుకుని కూర్చుని, "సరే చెప్పుకోండి. మధ్యలో చేతులు జోడించకండి, అంతే" అన్నాడట. ఇంకేం, పెదాలాడిస్తూ వెనక్కి తీసింది, ఎత్తు మీద ఆపి జారకుండా కదిలించింది, ఎనిమిది అంకె చుట్టూ తిప్పి తెచ్చి బెంచీ ముందు ఆపింది. ఆవిడ దిగకముందే అన్నయ్య, "పాసయింది" అన్నాడు. "ఎలా తెలుసన్నయ్యా?" అంటే, "బండి సుఖంగా ఆగింది" అన్నాడు.

నాకు మాత్రం మనసులో పీకుతూనే ఉండేది. దేవుడి పేరు చెప్పి అబద్ధమాడవచ్చా వదినా అని దెప్పుతూ ఉండేదాన్ని. "మా ఆయనతో చెబుతున్నానంటే దించేసేవాడు కదే" అనేది. ఏళ్ళ తరబడి ఆ వ్యాను నడిపింది. పక్కన అన్నయ్య, వెనక పిల్లల గోల, ముందు ఈవిడ దారి చెప్పడం. ఒక్క పిల్లకి గీత పడలేదు. అన్నయ్య పోయాక ఆ పక్క సీట్లో పిల్లల సంచులు పెట్టేవారు. ఒకరోజు సంచులు ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చున్నాను. చూద్దును కదా, పెదాలు కదులుతున్నాయి. చెవి పెట్టి విన్నాను. "ఎడంపక్క పాలబండి. ముసలాయన దాటుతున్నాడు, మన వైపు చూశాడు..." "వదినా, ఇంకా ఎవరికి చెబుతున్నావు?" అన్నాను. రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ఆఫీసరుతో దేవుడికి చెబుతున్నానన్నానని నన్ను అన్నాళ్ళు సాధించావుగా. ఇప్పుడు మీ అన్నయ్య ఉన్నది ఆయన దగ్గరే కదా. ఒకరికి చెబితే ఇద్దరూ వింటారు. ముందు గుంట ఉంది, గట్టిగా పట్టుకో" అంది.

ఆ...

ఏమిటి? ఏం లేదు, కళ్ళజోడు మసకేసింది. నువ్వేమిటలా నిలబడిపోయావు, ఇందాకటిదాకా గెంతుతున్నదానివి? ఆ కిటికీ వెయ్యి, జల్లు లోపలికొస్తోంది.