బొంగరం చెక్కిన సాయంత్రం

"నాయనమ్మా, బిడ్డకి టర్నర్ అనే ఇంటిపేరు వద్దే వద్దన్న డాడీ ఇవాళ ఫోన్ చేసి ఓకే అనేశారు. నిన్న మా మావగారింట్లో ఏం జరిగింది?"

చెప్తాను, ముందు నువ్వు కూర్చో. కడుపుతోటి అలగ నిలబడకు.

మీ మావగారు, గ్రాహమ్, రిటైరయ్యేక ఆ ఇంటిపేరు ఎక్కణ్ణుంచి వొచ్చిందో వెతుకుతున్నాడు గదా. ఇంగ్లండు చర్చీల పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్లో చూసేడట. టర్నర్ అంటే కర్రని తిప్పుతూ గిన్నెలూ, కుర్చీకాళ్ళూ చెక్కే పనోడంట. మీ నాన్న నాకది తెలుగులో చెప్తూ చెప్తూ ఆగిపోయేడు. ఎందుకాగేడో నాకు తెలీదేటి! మీ పెళ్ళప్పుడు వాళ్ళతోటి "మాది టాయ్స్ బిజినెస్" అని గొప్పలు పోయేడు మరి. బిజినెస్సట! మీ తాత లక్కబొమ్మలు చెక్కుతుంటే, కర్ర తిరగడానికి నేను తాడు లాగేదాన్ని. ఇటోసారి, అటోసారి, రోజంతా. అప్పట్లో బొంగరం పావలా... కాదు కాదు, పావలాకి రెండు. మీ నాన్న కడుపులో ఉన్నప్పుడూ లాగేను.

సరే, ఏటి చెప్తున్నాను? ఆఁ, నిన్న గ్రాహమ్ మమ్మల్ని తీసికెళ్ళిన వాళ్ళ పెరట్లో షెడ్డు. ఏదో పాత పుస్తకంలో బొమ్మ చూసి, కర్ర తిప్పే మిషను తనే కట్టుకున్నాడు. పైన వంగే కర్ర, దానికి తాడు, ఆ తాడు చెక్కాల్సిన కర్రకి చుట్టి, కింద కాలితో తొక్కే చెక్క. తాడు లాగే మనిషే లేదు! పాపం, తిప్పడం, చెక్కడం రెండూ ఒక్కడే చెయ్యాల. తొక్కితే ఉలి గుచ్చుకుని కర్ర ఎగిరిపోతోంది. నెల్రోజులై ఇంతేనంటాడు. నాకు నవ్వాగలేదు. కర్ర మన వేపు తిరిగినప్పుడే ఉలి ఆనించాల, వెనక్కి తిరిగేటప్పుడు కాస్త తియ్యాల. ఇరవయ్యేళ్ళు ఎదురుగా కూర్చుని చూసేను గదా.

"చెప్పరా ఆయనకి, మా అమ్మ తాడు లాగేదని చెప్పు" అన్నాను. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అన్నాడు మీ నాన్న. నాకు ఒళ్ళు మండింది. కుచ్చెళ్ళు దోపుకుని నేనే ఉలి అందుకున్నాను.

ఓలమ్మ! మీ తాత ఏనాడూ నా చేతికి ఉలి ఇవ్వలేదే. అడిగితే, ఆడోళ్ళకెందుకు అనేవోడు. మంచోడేలే, కానీ ఆ మాట నేను మర్చిపోలేదు. గ్రాహమ్ తొక్కేడు. నేను ఆనించేను, తీసేను, ఆనించేను. పొట్టు చుట్టలు చుట్టలుగా రాలింది చూడూ... మీ తాత చూడాల్సింది.

గ్రాహమ్ టోపీ తీసి ఏదో అన్నాడు. ఏటన్నాడ్రా అని మీ నాన్నని అడిగేను. "మా వాళ్ళు పేరుకే టర్నర్లు, ఆ పని తెలిసిన మనిషిని ఇవాళే చూశానంటున్నాడమ్మా" అన్నాడు. తర్వాత ఆడే గ్రాహమ్ వేపు తిరిగి ఇంగ్లీషులో చాలాసేపు చెప్పేడు. నా చెయ్యి పట్టుకుని, అరచేతిలో తాడు లాగి కాసిన కాయలు చూపించి మరీ చెప్పేడు. నా కొడుకు నన్ను అలగ చూపించుకోవడం ఇదే మొదలు. నిజం చెప్పొద్దూ, గర్వంతో నా కాళ్ళు నేలమీద ఆన్లేదు.

ఇదిగో, నిన్న నేను చెక్కింది ఈ బొంగరమే. కొంచెం వంకర, లక్క కూడా పుయ్యలేదు. దాచు. ఇంటిపేరు ఎక్కణ్ణుంచి వొచ్చిందని నీ బిడ్డ అడిగితే, అటునుంచి పేరొచ్చింది, ఇటునుంచి పనొచ్చింది అని చెప్పు.

చల్లగా ఉండు తల్లీ. నీ చెయ్యి దేనికోసం చాపినా, నీకెందుకు అనేవోళ్ళు ఎదురవకుండా ఉండాల...