కంచె పీకేసిన గుట్ట

1956 కార్తీకం. ఆలూరు గుట్ట మీద, ముళ్లకంచె పీకేసిన చోట, మద్రాసు నుంచి వచ్చిన ప్రొఫెసరు తన దగ్గర గడ్డి మీద పరిశోధన చేస్తున్న అమ్మాయిని నిలదీశాడు.

“కంచె ఎవరు తీశారమ్మా?”

“నేనే సార్. మేకలను మేయనీకుంటే గడ్డి ఎంత పెరుగుతాదో బడిపిల్లోల్లకు చూపించి, ఇంక కంచె అక్కర్లేదని తీసేస్తి.”

“నువ్వొచ్చింది పరిశోధనకా, పాఠాలు చెప్పడానికా?”

“రెండిటికీ సార్.”

“ఇక మేకలు మేసిపోతే నువ్వు కొలిచేదేముంటుంది?”

“యాడ మేసినాయి? చూడండి. మేపే ఆ బడిపిల్లోల్లే మందను అవతలికి మళ్లిస్తాండారు.”

“అది రాస్తే డాక్టరేటు ఇవ్వరు.”

“ఇయ్యకుంటే పోనీండి సార్, మల్లా ముల్లకంప నాటను. నేను ఊరిడిస్తానే ఆ కంపను పొయ్యిలోకి ఎత్తుకపోతారు. ఈ పిల్లోల్లు ఈడనే ఉంటారు.”