ఎలిశబెతు గారి ముంజేయి

1935 జూలై 8వ తేదీన గూడూరు ప్రసూతి కేంద్రంలో ఉద్యోగ జీవితం ఆరంభించిన కుమారి ఎలిశబెతు గారు, ఈ 1967 జూన్ 30న మన క్షయ నివారణ బృందం నుంచి పదవీ విరమణ చేస్తున్నారు.

ఉద్యోగంలో చేరిన మూడేళ్ళకు, అభ్రకం షెడ్డులో పనిచేసే ఆమె తమ్ముడు క్రీస్తురాజు క్షయ బారిన పడ్డాడు. ఇరుగుపొరుగు గడప తొక్కని ఆ పదకొండు నెలలూ గంజి తాగించిందీ, దగ్గు తెర వచ్చినప్పుడల్లా వీపు పట్టుకున్నదీ ఆమె ఒక్కరే. అతను పోయాక చూసుకోవడానికి ఒక ఫోటో కూడా మిగలలేదు.

1955లో ఆమె మన బృందంలో చేరారు. ముంజేతికి వేసే పరీక్షసూదిలో ప్రాణమున్న క్రిమి ఉండదు. దాని మాంసకృత్తుల తునకలే ఉంటాయి. ఆ క్రిమిని ఒకసారి ఎరిగిన దేహం తునకను కూడా గుర్తుపడుతుంది. మూడో నాటికి చర్మం గట్టిపడి లేస్తుంది. ఎరుపును నమ్మకుండా, కళ్ళు మూసుకొని వేలితో తడిమి కొలవాలి. శిక్షణలో ఆమె చేతికే వేసి చూస్తే పద్దెనిమిది మిల్లీమీటర్లు లేచింది. ఆ పరిచయం తమ్ముడి వల్లనే కలిగిందని శాస్త్రం చెప్పలేదు. ఆమెకు మాత్రం సందేహం లేదు.

తరువాతి పన్నెండేళ్ళలో చిట్టమూరు నుంచి విడవలూరు దాకా ఆమె తడమని ఊరు లేదు. మూడో నాడు వేటకు పోయినవారి కోసం, పడవలు తిరిగొచ్చేదాకా ఇసుకలో కూర్చునేవారు.

ఈ మే నెలలో, కొత్తగా చేరిన చిన్నపోలయ్యకు పని నేర్పడానికి ఆమె తన ఎడమ చేయి సూదికి చాపారు. మూడో నాడు అతను తడిమి, "ఏమీ తగల్లేదక్కా," అన్నాడు.

"ఆ వేళ్ళతో వంకాయలు ఏరుకో పో. కళ్ళు మూసుకొని చూడు."

"మూసుకొనే చూసినాను. నా మీద కోప్పడితే లేస్తుందా?"

ఆమె తానే తడుముకున్నారు. నున్నటి చర్మం. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. తమ్ముడి ముఖం ఏనాడో మసకబారింది; ఇప్పుడు ఒళ్ళు కూడా అతన్ని వదిలేసిందా?

సంగతి తెలిసి డాక్టరు హెబ్రోను గారు, "వయసుకు ఒంటికీ మరుపొస్తుందమ్మా. మొదటి సూది ఒక్కోసారి నిద్ర లేపి ఊరుకుంటుంది. మూడు వారాలాగి రెండో చేతికి వేద్దాం," అన్నారు.

వేశారు. మూడో నాడు చిన్నపోలయ్య కళ్ళు మూసుకొని చాలాసేపు తడిమాడు. "పదహారక్కా!"

ఆ వారమంతా ఆమె జాబితాలు సరిచూస్తూనే, ఎడమ చేత్తో కుడి ముంజేయి పట్టుకొని కూర్చున్నారు.

ఎలిశబెతు గారు ఆరోగ్యంతో నిండు నూరేళ్ళూ జీవించాలని మనందరి ఆకాంక్ష. ఆమె ఉన్నన్నాళ్ళే క్రీస్తురాజును గుర్తుపట్టే దేహం ఒకటి ఈ లోకంలో ఉంటుంది.