దండ వేసిన కుర్చీ

పెద్దలకు, సార్ శిష్యులకు, సార్ భార్య సాలమ్మ గారికి నమస్కారం. ఈ జనగామ హాల్లో మా బృందం ప్రదర్శన ఇంకా నడుస్తూనే ఉంది కనుక, కొందరు బొమ్మలు చూద్దామని వచ్చి, కుర్చీలు వేసి ఉంటే కూర్చుండిపోయారు. వారికీ నమస్కారం. వెంకట్రాం సార్ ఉంటే మిమ్మల్ని చూసి సంతోషించేవారు. ఆయన ప్రదర్శనలకు జనం ఎక్కువగా అలాగే వచ్చేవారు.

మన డ్రాయింగ్ సార్, ఈ ప్రదర్శనలు మొదలుపెట్టిన సార్, పోయిన వారం రేగొండలో తన ఇంట్లో నిద్రలోనే కన్నుమూశారు. నాకు మైకు అలవాటు లేదు. కాగితం చూసి చదువుతాను. మన్నించండి.

మిత్రులారా, సార్ మనల్ని ఏం కోరారు? ఇంట్లో రోజూ వాడే వస్తువును చూడమన్నారు. అంతే. నేను కాన్వెంటులో చదివాను. ఆయన దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు మంచు కొండలు, వాటి కింద గులాబీలు గీసుకుని వెళ్లాను. చాలాసేపు చూసి, "మీ ఇంట్ల మంచు పడ్తదా బిడ్డా?" అన్నారు. పడదన్నాను. "మరి ఏమున్నదో గది గియ్యి" అన్నారు. మా వంటింటి మసిగుడ్డ గీశాను. దాన్ని తీసుకెళ్లి హాలు గుమ్మానికి ఎదురుగా తగిలించారు. మా అమ్మ చూడటానికి వచ్చింది. అందరూ చూస్తుండగా, "జర ఉతికినంకనన్న గీయకపోతివా" అంది. సార్ ఆ మాటను చీటీ మీద రాసి బొమ్మ కింద అతికించారు. మా అమ్మ ఆయనతో చాలాకాలం మాట్లాడలేదు.

తర్వాత బొమ్మల పక్కన అసలు వస్తువులు కూడా ఉండాలన్నారు. ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చేవాళ్లం. ఇచ్చినవారికి సార్ ఒక మాట ఇచ్చేవారు: "మీకు పని పడ్డప్పుడు వచ్చి తీస్కపోండ్రి. ఎవ్వలను అడుగుడు లేదు." ఆ మాటకు మేం నవ్వుకున్నాం. మహబూబాబాద్‌లో మా నవ్వు ఆగిపోయింది. ప్రారంభించడానికి అతిథి వచ్చేసరికి సగం బల్లలు ఖాళీ. మరిపెడ దగ్గరి తండా నుంచి మోతీబాయి గారు ఇచ్చిన రొట్టెల పెనం లేదు. మేం పరేషాన్. సార్ తాపీగా చీటీ రాశారు: 'మోతీబాయి పెనం. చుట్టాలు వచ్చినందున పనికి పోయింది. రేపు వస్తుంది.' ఆ ఖాళీ బల్ల ముందు నిలబడినంతసేపు అతిథి ఇంకే బొమ్మ ముందూ నిలబడలేదు. ఎందుకు? అక్కడ ఏం చూశారు? నాకు తెలియదు. వెళ్తూ వెళ్తూ, చుట్టాలు ఏ ఊరి నుంచి వచ్చారని మాత్రం అడిగారు.

భూపాలపల్లిలో, బొగ్గు బావికి పోయే కొమురయ్య గారి టిఫిన్ డబ్బా పెట్టాం. పొద్దున డ్యూటీకి తీసుకుపోయేవారు, డ్యూటీ దిగి వచ్చాక మళ్లీ బల్ల మీద పెట్టేవారు. ఒకరోజు డ్యూటీకి పోతూ నిండు డబ్బాను బల్ల మీద ఉంచి టీ తాగడానికి వెళ్లారు. ఎవరో తన కోసం పంపారనుకుని సార్ మూత తీశారు. కొమురయ్య గారు తిరిగి వచ్చేసరికి పుంటికూర పప్పు పూర్తయింది. "మంచిగున్నదే కొమురన్నా, జర ఉప్పు తక్కువైంది" అన్నారు సార్. కొమురయ్య గారు హాలంతా ఒకసారి చూసి, "సార్, నీ బొమ్మలల్ల తినేటిదేమన్న ఉన్నదా?" అన్నారు. మర్నాటి నుంచి వాళ్లింటి నుంచి రెండు డబ్బాలు వచ్చాయి. చీటీ మాత్రం ఒకదానికే అతికించాం.

మిత్రులారా, ఇప్పుడు కుర్చీ సంగతి. చెప్పాలంటే భయంగా ఉంది. మీ ముందు దండ వేసి ఉన్న ఈ నీలం ప్లాస్టిక్ కుర్చీ సార్ ఇంటిది. దాని కాలు విరిగితే తీగతో కుట్టించారు. ప్రదర్శన ఎక్కడ పెట్టినా వెంట తెచ్చుకుని గుమ్మం దగ్గర కూర్చునేవారు. అదీ ప్రదర్శనలోదే అనుకుని జనం, "జర లేస్తరా సార్, ఫొటో తీస్కోవాలె" అనేవారు. సార్ లేచేవారు. ఫొటో అయ్యాక మళ్లీ కూర్చునేవారు.

ఆ కుర్చీని సార్ గుర్తుగా ఎప్పటికీ ఉంచుకోవాలని మా బృందం అనుకుంది. మాలో చిన్నది పూజ, కుర్చీ చుట్టూ తాడు కట్టింది. సంతోష్ అన్న అద్దాల పెట్టె కోసం వడ్రంగికి కొలతలు కూడా ఇచ్చాడు. ప్రేమతోనే ఇచ్చాడు. ఈ ఉదయం సాలమ్మ గారు వచ్చి, దండ వంక చూసి మెల్లగా అడిగారు: "కుర్చి ఎప్పుడిస్తరు బిడ్డా? కింద కూసుంటే లేవలేను. బియ్యం ఎట్ల ఏరాలె?"

"అమ్మా, గది ఇప్పుడు కుర్చి కాదు" అన్నాడు అన్న.

"మరేంది?" అన్నారు సాలమ్మ గారు.



సంతోష్ అన్నా, సార్ మోతీబాయి గారికి మాట ఇచ్చారు. కొమురయ్య గారికి ఇచ్చారు. ఆ మాట ఆయన సొంత ఇంటికి వర్తించదా? పని పడితే తీసుకుపోవచ్చన్నారు. ఎవరినీ అడగనక్కర్లేదన్నారు. సాలమ్మ గారు మనల్ని అడగాల్సి వచ్చింది. అద్దాల పెట్టె వద్దు, అన్నా. కోపం వస్తే సభ అయ్యాక తిట్టు, పడతాను.

పూజా, తాడు విప్పు. దండ సార్ ఫొటోకి వెయ్యి.

అమ్మా, మీరు ముందుకు రండి. ఆ మోకాళ్లతో నిలబడొద్దు. మీ కుర్చీలో కూర్చోండి. ఎటు ఒరిగి కూర్చోవాలో మీకు తెలుసు.

మిగిలిన అందరం, బొమ్మలు చూడటానికి వచ్చినవారం కూడా, లేచి నిలబడదాం. సార్‌ను తలుచుకుంటూ కాసేపు మౌనంగా ఉందాం. అమ్మ సర్దుకుని కూర్చున్నాక మొదలుపెడదాం.