స్టాంపు అంటిన బర్రె

ఎనుమాముల మార్కెట్ గేటు పక్కనే చిలుకమ్మ చాయ్ కొట్టు. పొద్దున్నే మిర్చి బస్తాలు దించేసిన రైతులు, వేలం పాట తమ కుప్ప దాకా వచ్చేవరకు అక్కడి బెంచీల మీదే కూర్చుంటారు. వాళ్లకు పొద్దుపోయేలా చేసే పని రాయమల్లుది. నలభై ఏళ్లు ఆ గేటు ముందరే గోనెసంచుల దుకాణం నడిపిన మనిషి. నిరుడు దుకాణం కొడుక్కి అప్పజెప్పాడు. నోరు మాత్రం ఎవరికీ అప్పజెప్పలేదు.

ఆ బుధవారం బెంచీల మీద ముగ్గురే ఉన్నారు. తొర్రూరు నుంచి మిర్చి తెచ్చిన ఉప్పలయ్య, రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమస్తా భానుచందర్, ఇంకా ఆ చివరన ఎవరో ఒకావిడ. మిర్చి ఘాటుకు ముక్కూ మూతీ కలిపి చున్నీ చుట్టుకుంది. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, అవి కూడా నీళ్లు కారుతూ. ఎవరైతేనేం, రాయమల్లుకు ఇంకో రెండు చెవులు దొరికాయి.

"మొన్న ఐతారం నేను స్టాంపుల క్లబ్బుల చేరిన," అన్నాడు చాయ్ ఊదుకుంటూ.

"ఏం స్టాంపులు కాకా, భూముల రిజిస్ట్రేషన్‌కు పెట్టేటియా?" అన్నాడు భానుచందర్.

"అవి గాదురా. ఉత్తరాల మీద అంటిస్తరే, అవి. కొందరు వాటిని జమ చేసుకుంట బతుకంతా గడుపుతరు. హన్మకొండల వాళ్లకొక క్లబ్బు ఉన్నది, నెలకోసారి మిద్దె మీద కూసుంటరు. మనం ఎట్ల పోయినమంటే, మా ఇంటామె కట్టమ్మ అటకమీది సందూక పెట్టె దించింది. దాంట్ల మా తమ్ముడు సాంబయ్య భీవండిల మగ్గాల మీద పనిచేసేటప్పుడు రాసిన ఉత్తరాలున్నయి. ఒక కవరు మీద రైలింజను బొమ్మ స్టాంపు. గోరువెచ్చటి నీళ్లల్ల ఏసి, మెల్లగ ఊడదీసిన."

ఇంతవరకు జరిగింది జరిగినట్టే చెప్పాడు. చెప్పాక ముగ్గురి మొహాలూ చూశాడు. ఉప్పలయ్య తన కుప్ప వైపు చూస్తున్నాడు. రాయమల్లుకు అది నచ్చలేదు.

"తీసి చూస్తే ఏమున్నది? ఇంజను తలకిందులుగ అచ్చయింది. అసొంటివి లోకంల రెండే ఉన్నయట. ఒకటి లండన్‌ల ఇనుప పెట్టెల ఉన్నది, రెండోది మా అటకమీద."

ఉప్పలయ్య ఇటు తిరిగాడు. "నీకెవలు చెప్పిండ్లు బావా?"

"చెప్పుడేంది, కనబడుతలేదా? ఆరబెడుదామని గోడ మీద పెట్టిన. గాలి దుమారం వచ్చింది. స్టాంపు లేచింది. ఆ కాలంల బంక అంటే బంక, నీళ్లల్ల నానినా సావలె. తొవ్వ పొంటి పోతాన ఒక బర్రె నొసటికి పోయి టప్పున అంటుకున్నది. అది బెదిరి ఉరుకుడు పెట్టింది. నేను మోపెడేసుకొని ఎనుక పడ్డ. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"మోపెడ్ల పెట్రోలు అయిపోయింది," అన్నాడు భానుచందర్.

"అయిపోయింది గని మోపెడు ఆగలె, దానికీ రోషం వచ్చింది. మరిపెడ దాకా ఉరికినం. ఆడ బర్రెకు దూపైంది. తొవ్వల ఒక పోస్టాఫీసు కనబడితే, తొట్టిల నీళ్లు తాగుదామని లోపలికి పోయింది. నౌకర్లు చూసిండ్లు. నొసటి మీద స్టాంపున్నది, అంటే ఇది టపా. ఒకాయన లేచి దాని నొసటి మీద ఠపీమని ముద్దర గుద్దిండు. కాంటా మీదికి ఎక్కించిండ్లు, నాలుగు క్వింటాళ్లు తూగింది."

"మరి అడ్రసు?" అన్నాడు ఉప్పలయ్య. ఆయన చాయ్ చల్లారిపోతోంది.

"అడ్రసు లేదు. పెద్దాఫీసరు అద్దం పెట్టి చూసిండు. ఇసొంటి పాత స్టాంపు సంగతి క్లబ్బోళ్లకే ఎర్క, ఆడికే తోలుండ్లి అన్నడు. టపా మోసే ఎర్ర బండ్ల ఎక్కిచ్చిండ్లు. ఐతారం పదకొండు గంటలకు, నేను పోకముందే, బర్రె క్లబ్బు మెట్లెక్కింది. మిద్దె మీద నలభై మంది మెంబర్లు. అందరూ భూతద్దాలు పట్టుకొని దాని మొకం కాడ లైను కట్టిండ్లు. నేను ఉరుక్కుంట పోయి, జర జరుగుండ్లి, నా స్టాంపు నేను తీసుకుంట అన్న. వాళ్ల ప్రెసిడెంటు నా కాళ్లు పట్టుకున్నడు. వద్దు సారూ, ఊడదీస్తే ఇలువ పోతది, స్టాంపు కవరు మీదున్నప్పుడే దానికి ఇలువ, ఇగ ఈ బర్రెనే కవరు అన్నడు."

చిలుకమ్మ గిన్నె దించి కొంగుతో నోరు మూసుకుంది. చివరన కూర్చున్నావిడ భుజాలు కదిలాయి. దగ్గో నవ్వో చున్నీ చాటున తెలియలేదు.

రాయమల్లు ఇక ఆగే మనిషి కాదు. "లండన్‌కు ఫోన్ పోయింది. గంట తిరగకముందే ఇద్దరు దొరలు వచ్చి, బర్రెనియ్యి, గాలిల ఎగిరే ఇమానమిస్తం అన్నరు. ఇమానం పూటకు ఎన్ని పాలిస్తది అని అడిగిన. దొరలు టోపీలు పెట్టుకొని వాపసు పోయిండ్లు. అప్పుడు ప్రెసిడెంటు కుర్సీల నుంచి లేచి, ఇందుల మీరే కూసోవాలె, మాకు నాలుగు మాటలు చెప్పాలె అన్నడు. మూడు గంటలు మాట్లాడిన. ఒక్కడు కదిలితే ఒట్టు. మీద తిరిగే ఫ్యాను గూడ ఆగి విన్నది."

"కరెంటు పోయిందేమో కాకా."

"కరెంటు గూడ విన్నదిరా."

చివరన కూర్చున్నావిడ చున్నీ విప్పి, కళ్లు తుడుచుకుని, చేతిసంచిలోంచి చిన్న కార్డు తీసింది.

"నమస్తే రాయమల్లు గారూ. గుర్తుపట్టినట్టు లేరు. నేను సుభాషిణిని, ఆ క్లబ్బు సెక్రటరీని. మొన్న ఫారం నింపి, కార్డు తీసుకోకుండానే వెళ్లిపోయారు. ఫారంలో దుకాణం అడ్రసు ఉంటే వచ్చిన. మీరు ఇక్కడ ఉంటారని మీ అబ్బాయి చెప్పిండు."

రాయమల్లు గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు.

భానుచందర్ ముందుకు జరిగాడు. "మేడం, బర్రె మెట్లెక్కిందా?"

"బర్రెను నేను చూడలేదు. ఈయనను చూసిన. తలుపు పక్క కుర్చీలో కూర్చున్నరు. రెండు గంటలు. ఒక్క మాట మాట్లాడలేదు. పేరు అడిగితే కూడా కాగితం మీద రాసి ఇచ్చిండ్రు."

రాయమల్లు తల వంచుకున్నాడు. ఆ ఆదివారం మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. వరుసగా ఒక్కొక్కరూ లేచి తాము తెచ్చింది చూపిస్తున్నారు. ఒకాయన దగ్గర పక్షులే ఒక పెద్ద పుస్తకం నిండా ఉన్నాయి. ఇంకొకామె దగ్గర రైళ్లు, నాలుగు వందల రైళ్లు. తన జేబులో ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ఇంజను ఒక్కటే. వరుస తన దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్కదాన్ని బయటికి తీయబుద్ధి కాలేదు. ఊరికే చేతులు జోడించి కూర్చుండిపోయాడు. ఇంటికొచ్చాక మళ్లీ పోవాలని ఎంత ఆశపడ్డాడో, పోవాలంటే అంత భయపడ్డాడు.

సుభాషిణి కార్డు ఆయన చేతిలో పెట్టింది. "మీరు జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నరు. ఏదో తెచ్చిండ్రని అనుకున్న. ఏం తెచ్చిండ్రు?"

రాయమల్లు జేబులోంచి పొట్లం తీసి విప్పాడు. ఇంజను నిటారుగానే ఉంది. ఒక మూల కొద్దిగా చిరిగింది.

"మామూలుదేనమ్మా. మీ కాడ ఇసొంటివి శానా ఉంటయి."

"ఉంటాయి. కానీ భీవండి నుంచి తమ్ముడి ఉత్తరం మీద వచ్చింది మాత్రం మా ఎవ్వరి దగ్గర లేదు. వచ్చే నెల ఇదే పట్టుకొని రండి, పది నిమిషాలు చెప్పండి. ఉత్తరంలో ఏం రాసిండో, అప్పుడు మీరేం చేస్తున్నరో. బర్రె లేకున్నా పర్వాలేదు."

"పది నిమిషాలు సరిపోతయంటవా?" అన్నాడు రాయమల్లు. కార్డును రెండు చేతులా పట్టుకున్నాడు.

భానుచందర్‌కు మాత్రం మనసొప్పలేదు. "మేడం, ఏమనుకోకుండ్లి. బర్రె మెట్లెక్కిందంటే నమ్ముతం. ఫ్యాను విన్నదంటే గూడ నమ్ముతం. మా మల్లు కాక రెండు గంటలు నోరు మూసుకొని కూసున్నడంటే ఎట్ల నమ్మాలె?"

"అవునవ్వా," అన్నాడు ఉప్పలయ్య. "నువ్వు ఇంకెవల్నో చూసినవు."

"నన్నే చూసింది," అన్నాడు రాయమల్లు నెమ్మదిగా. "నిజమేరా. ఒక్క మాట మాట్లాడలే."

చిలుకమ్మ ఆయన గ్లాసులో మళ్లీ చాయ్ పోసింది.

"ఇగ సాలు తియ్యి అన్నా," అంది. "కోతలకు గూడ ఒక హద్దుండాలె."