చదివినట్టుగా భావించి

"ఇంతకీ సభలో మాట్లాడ్డానికి మీరెప్పుడు లేచారమ్మా? కళ్ళలో వత్తులేసుకుని చూస్తూనే ఉన్నానే!"

"కూర్చో అన్నా. ముందు కాసిని మంచినీళ్ళు తాగు."

"నీళ్ళకేం తొందర? మీరు లేచింది నేనే చూసుకోలేదా, లేకపోతే..."

"లేవలేదన్నా."

చట్టసభ భోజనానికి లేచింది. సందర్శకుల మెట్ల కింద వరండాలో, చెక్క బెంచీ మీద, మొదటిసారి గెలిచిన సభ్యురాలూ ఆమె ఊరి ఆటో డ్రైవరూ కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా నలుగుతుందని పాపం, అతను వీపు కూడా ఆనించలేదు.

"లేవలేదా? మన రైలు గేటు సంగతి ఇవాళ వస్తుందన్నారు కదా!"

"వచ్చింది. అంటే... వచ్చినట్టే. తొందరగా తేలాల్సిన విషయాలకి పొద్దున్నే నోటీసిస్తాం. చీటీలు తీస్తారు. మనది తగిలింది. తగిలినవాళ్ళని మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు. నా ముందు ఇద్దరే ఉన్నారన్నా, ఇద్దరే! ఈలోగా ఆ అరుపులు చూశావుగా."

"చూడకేం. సంతలో కూడా అంత గోల ఉండదు."

"దాంతో సభాపతిగారికి విసుగొచ్చింది. మిగిలినవాళ్ళవన్నీ చదివినట్టుగా భావిస్తున్నాను అని లేచిపోయారు."

"చదివినట్టంటే... చదవలేదనేగా?"

"రికార్డులోకెక్కుతుందన్నా. గేటు మీద వంతెన ఎందుకు కట్టలేదో మంత్రిగారు జవాబివ్వాలి. అది చిన్న విషయం కాదు."

"పోనీలెండి. అందులో మా పాప పేరుంది కదా?"

"అదీ..."

"ఉంది కదమ్మా? ఇంట్లో పిలిచేది కాదు, బడి పేరు. అంత పెద్ద సభలో బడి పేరే చెప్పించాలని మా ఆవిడ మరీ మరీ చెప్పి పంపింది."

"నేను రాశానన్నా. మాటలెక్కువయ్యాయని సభ ఆఫీసులో కుదించారు. పేరు తీసేసి, ఒక బాలిక అని పెట్టారు."

"ఒక బాలిక."

"అన్నా..."

"ఒక బాలిక. ఊఁ."

"నాకు పొద్దున చెప్పారు. అప్పటికే టైమైపోయింది. ఏమీ చెయ్యలేకపోయాను."

"మీరు మాత్రం ఏం చేస్తార్లెండి! ఆ రోజూ అంతే. ఆటోలో వాళ్ళమ్మ ఒళ్ళో పాపకి ఊపిరాడట్లేదు. పట్టాలకవతల ఆసుపత్రి బోర్డు కనిపిస్తూనే ఉంది. ఒక గూడ్సు పోయింది, గేటెత్తలేదు. ఇంకో గూడ్సొచ్చింది. దిగి గేటు మనిషి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయనా ఏడ్చేశాడు. సిగ్నలిచ్చాక గేటు తన చేతిలో ఉండదట. ఏమిటోనమ్మా, ఎవరి చేతిలోనూ ఏదీ ఉండదు."

"వచ్చే వారం మళ్ళీ నోటీసిస్తాను. ఈసారి ఎవరు ఎంత అరిచినా నిలబడే ఉంటాను, చూడు."

"అలాగేనమ్మా. కానీ ఇప్పుడొక చిక్కొచ్చి పడింది."

"ఏమిటది?"

"ఇందాక మెట్లు దిగి రాగానే ఇంటినుంచి మా ఆవిడ ఫోన్. చదివారా అంది. నేనే చూసుకోలేదేమో అనుకున్నాను... ఏం చెప్పను? చదివారన్నాను."

"అయ్యో!"

"పాప పేరు చదివారన్నాను. సభంతా గప్‌చుప్ అయిపోయిందన్నాను. పక్క సీటు పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడన్నాను. మొదలెట్టాక నోరు ఆగలేదమ్మా."

"అన్నా, ఎంత పని చేశావు!"

"అదుగో, మళ్ళీ చేస్తోంది. మీతో మాట్లాడాలంది. అవును చదివానని ఒక్క మాట అనండి, మీకు పుణ్యముంటుంది."

"ఆవిడతో అబద్ధం ఎలా ఆడను?"

"అబద్ధమెందుకవుతుంది? అంత పెద్ద సభ మీరు చదివినట్టు భావించింది. మా ఆవిడ విన్నట్టు భావించకూడదా?"

"అది వేరన్నా, ఇది వేరు."

"కట్టయిపోతుందమ్మా!"

"ఇలా ఇవ్వు."

"నేను ఆ స్తంభం దగ్గరుంటాను. ఇక్కడుంటే ఏడ్చేస్తాను."

"హలో... వదినా, నేనే, మీ సభ్యురాలిని."

"నమస్తే అమ్మా. ఆయన పక్కనే ఉన్నారా?"

"లేడు, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. వదినా, ఇవాళ సభలో మీ పాప పేరు నేను..."

"వద్దమ్మా, చెప్పొద్దు. పొద్దుట్నుంచీ పక్కింటివాళ్ళ టీవీ ముందే కూర్చున్నాను. మీరు లేవనేలేదు."

"వదినా... నన్ను క్షమించు."

"మిమ్మల్ని ఏమీ అననమ్మా. ఆయన అడిగితే మాత్రం నేను నమ్మేశానని చెప్పండి, చాలు."

"ఎందుకు వదినా, నీకన్నీ తెలిసి కూడా..."

"బిడ్డ పోయినప్పట్నుంచీ ఆయన నోటెంట దాని పేరు రాలేదమ్మా. ఎంత ఏడ్చినా పాప, పాప అనేవారంతే. ఇందాక ఫోన్లో, మీరెలా చదివారో చెబుతూ, నిండుగా బడి పేరు పలికారు."