హ్యాండు పాఠం

ప్రత్తిపాడు పొలిమేర దాటాక వెంకటనారాయణ గారి మిరప కల్లం. కనుచూపు మేర ఎండుమిరపకాయలే. నీడ అంటూ ఉన్నది నాలుగు కర్రల మీద కట్టిన పట్టా కింద మాత్రమే. ఆ నీడనంతా ఒక ప్లాస్టిక్ కుర్చీతో ఆక్రమించి స్పోకెన్ ఇంగ్లీష్ మాస్టారు చైతన్యకృష్ణ కూర్చున్నాడు. ఎదురుగా ఎండలో, కాయలకి తొడిమలు తీస్తూ ముఠా మేస్త్రి బసవమ్మ. ఆమె పక్కన, ఒళ్ళో నోట్‌బుక్కుతో కోటేశ్వరి. ముగ్గురి తుమ్ములూ ఇక్కడ రాయడం లేదు. రాస్తే కథకి చోటు మిగలదు.

"హ్యాండు కాదు, హ్యాండ్. చివర ఆ 'డు' ఎందుకు తగిలిస్తావ్? మళ్ళీ అను."

"హ్యాండు."

"బసవమ్మా, మొన్న ఒంగోలులో ఒక గిత్తకి ఇదే మాట చెప్పా. రెండోసారికి అనేసింది."

"గిత్తకి తీరిక ఉంటది సారూ. నాకు పొద్దుగూకేలోపల ఈ కుప్ప అవ్వాల."

"పని చేతులతో చేసుకో. నోరు నాకియ్యి. రేపు పదింటికి మేడమ్ ఆడిట్‌కి వస్తది. కాయలు కొనే కంపెనీ జర్మనీ నించి మనిషిని పంపేది కాయ బాగుందా అని చూడ్డానికి కాదు, తొడిమలు తీసేవాళ్ళు బాగున్నారా అని అడగడానికి. బాగున్నాం అని మీ నోటితో, ఇంగ్లీషులో రావాల. వెంకటనారాయణ గారి మాట ఇది, నాది కాదు."

"బాగున్నాం అని తెలుగులోనే అనొచ్చుగా."

"తెలుగులో అంటే అబద్ధంలాగా ఉంటది."

"ఇది కూడా రాసుకోనా సార్?"

"కోటేశ్వరీ, నేను రాసుకో అన్నప్పుడు రాసుకో. టెన్త్ పాసయ్యావని నిన్ను కూర్చోబెడితే ప్రతిదానికీ పెన్ను తీస్తావేంది?"

"రాయకపోతే మర్చిపోతా సార్."

"మీకుండేది ఆ ఒక్క తెలివి. సరే రాయి, అన్నీ రాయి. వినండి. ఇంగ్లీషులో హ్యాండ్ మీద నాలుగొందల ఇడియమ్స్ ఉన్నయ్. ఇడియమ్ అంటే పైకి ఒక మాట, లోపల ఇంకో అర్థం."

"అయితే వెంకటనారాయణ గారికి చాలా వచ్చే ఉండాల."

"జోకులొద్దు బసవమ్మా."

"చేతులు రెండే గదా సారూ. నాలుగొందలు ఎందుకంట?"

"వాళ్ళకి చేతులతో పనుండదు. ఊరికే కూర్చుని వాటి మీద మాటలు కట్టుకున్నారు. నా స్టూడెంట్ ఒకడు లండన్ వెళ్ళి అక్కడోళ్ళకే తప్పులు దిద్దుతున్నాడు. వాళ్ళు లైన్లో నిలబడి దిద్దించుకుంటన్నారు. అట్టాంటి నేను మీకు చెప్తన్నా, మిరపకాయల మధ్య. నా ఖర్మ. రాయి, ఒకటి. వుయ్ ఆర్ ఇన్ గుడ్ హ్యాండ్స్. మమ్మల్ని మంచివాళ్ళు చూసుకుంటన్నారు, మాకే లోటూ లేదు అని."

"ఏ మంచివాళ్ళు?"

"వెంకటనారాయణ గారు."

"ఆయన కల్లంలో అడుగుపెట్టి రెండేళ్ళయ్యింది. కారు అద్దం కూడా దించడు, ఘాటు తగులుద్దని."

"అద్దం లోపలనించి చూసుకుంటన్నాడు. అను."

"వుయ్యార్ గుడ్డు హ్యాండ్సు."

"గుడ్డు కాదు. పోనీలే, మేడమ్ నవ్వుద్ది, నవ్వితే మార్కులేస్తది. రెండు. ఐయామ్ యాన్ ఓల్డ్ హ్యాండ్. ఇది నీకు, బసవమ్మా. ఈ పనిలో అనుభవం ఉన్నదాన్ని అని అర్థం."

"అనుభవం ఉందిగా. ఇదిగో చూడు, వేళ్ళ సందుల్లో తోలంతా..."

"చూపించబాక. ఇప్పుడే ఇడ్లీ తిని వచ్చా."

"సార్, మొన్న ఫోన్‌లో ఒకటి చూశా. హ్యాండ్ టు మౌత్ అని. అదేంది?"

"అది నీకెందుకు?"

"హ్యాండ్ మీదదే గదా సార్."

"ఏ రోజు కూలి ఆ రోజు తిండికే చాలడం. రేపు మీలో ఎవరి నోట్లోనించన్నా ఆ మాట వచ్చిందంటే మర్యాదగా ఉండదు."

"కానీ అది నిజమే గదా సార్."

"నిజమైనవి చెప్పమని నన్ను పెట్టలేదు కోటేశ్వరీ. బాగుండేవి చెప్పమని పెట్టారు. రాశావా?"

"రాశా సార్. నిజమైనవి కాదు, బాగుండేవి."

"మై హ్యాండ్స్ ఆర్ టైడ్ అని ఇంకోటుంది. నా చేతిలో ఏం లేదు, నేనేం చేయలేను అని. అది మీకు కాదు, ఓనర్లకి."

"ఆయనకి చెప్పావా మరి?"

"ఆయన తెలుగులో ముప్పై ఏళ్ళ నించీ వాడతన్నాడు. కొత్తగా చెప్పేదేముంది."

"సారూ, చేతులు మండుతున్నయ్ అనడానికి ఏముంది?"

"ఏం లేదు."

"నాలుగొందల్లో ఒక్కటీ లేదా?"

"లేదు. ఇంగ్లీషులో చేతులు మండవు."

"అదేంది?"

"చలి దేశం."

"మరి నిరుడు నేను మేడమ్‌కి చెప్పింది అదే గదా సార్. మీరు ఇంగ్లీషులో ఏమని చెప్పారు?"

"ఏదో చెప్పా లే. నిరుటి సంగతి ఇప్పుడెందుకు?"

"ఏమని చెప్పారో అని."

"మేడమ్ నవ్విందా లేదా?"

"నవ్వింది. నా వీపు తట్టింది. అప్పుడు నేను ఏడుస్తన్నా సార్. ఏడ్చేదాన్ని చూసి ఎందుకు నవ్విందా అని ఏడాదిగా అనుకుంటన్నా."

"అది సారు గొప్పదనమే కోటేశ్వరీ. ఏడ్చే మనిషి మాట తీసుకుని ఎదుటి మనిషిని నవ్వించాలంటే ఎంత ఇంగ్లీషు రావాల. మామూలోళ్ళ వల్ల అవుద్దా?"

"ఇప్పుడు అన్నావ్ బసవమ్మా, ఒక్క మంచి మాట. ఈ ఊళ్ళో నీకన్నా అర్థమైంది. కోటేశ్వరీ, నిరుడు నువ్వేమన్నావో గుర్తుందా?"

"ఉంది సార్. చేతులు మండుతున్నయ్, ఆముదం రాసినా తగ్గట్లా, పిల్లోణ్ణి ఎత్తుకుంటే వాడి ఒళ్ళు కూడా మండి గుక్కపెట్టి ఏడుస్తన్నాడు, అందుకని నెల రోజులుగా వాణ్ణి ఎత్తుకోలా అన్నా."

"చూశావా ఎంత పొడుగో. ఇదంతా చెప్తా కూర్చుంటే మేడమ్‌కి ఫ్లైట్ పోయేది. నేను ఒక్క ముక్కలో తేల్చా. హర్ హ్యాండ్స్ ఆర్ ఫుల్."

"అంటే?"

"చంటిపిల్లాడు, ఇంటి పని, ఇక్కడ పని, ఆమెకి క్షణం తీరిక లేదు అని. హుషారుగా చెప్పా. తల్లి అంటే వాళ్ళకి మహా ఇష్టం, నవ్వుద్ది మరి. ఏంది, ఇద్దరూ చేతులాపేశారు? తొడిమలు తియ్యండి."

"ఏం లేదు సార్. ఫుల్ స్పెల్లింగ్ చెప్పండి."

"ఎఫ్, యూ, డబల్ ఎల్. అది కూడా రాదు."

"ఇటు పక్క నేనన్నది తెలుగులో రాసి, అటు పక్క మీరు చెప్పింది ఇంగ్లీషులో రాయనా?"

"రాయి. పక్కపక్కన పెట్టి చూసుకుంటే ట్రాన్స్‌లేషన్ అంటే ఏందో తెలుస్తది. కాలేజీల్లో కూడా ఇంత వివరంగా చెప్పరు."

"చెప్పరు సార్."

"ఇక గ్లౌజుల సంగతి. రేపు ఎనిమిదింటికి మనిషికో జత ఇస్తా. మేడమ్ వెళ్ళంగానే ఇచ్చెయ్యాల. నిరుడు ఒక జత తగ్గితే మీ ముఠాలో చాంద్‌బీ చేత కొంగు దులిపించాల్సొచ్చింది. నాకు ఆ పని ఇష్టం లేదు."

"దులిపితే ఏం రాలా గదా సారూ. నీ బండి డిక్కీలోనే దొరికింది."

"దొరికింది గదా. ఇంకేంది?"

"తొడుక్కున్న మూడు గంటలూ చేతులకి హాయిగా ఉంది. అయ్యి మా దగ్గరే ఉంచితే ఏం పోయింది?"

"రోజూ తొడుక్కుంటే పాతబడతయ్. పాత గ్లౌజులు చూస్తే మేడమ్ ఏమనుకుంటది? మూడేళ్ళ నించీ అయ్యే జతలు, ఇంకా మడత కూడా నలగలా. ఆడిట్‌లో మేం అంత జాగ్రత్తగా ఉంటాం."

"ఎనిమిదింటికి ఇచ్చుట, మేడమ్ పోంగానే తీసుకొనుట. మూడేళ్ళ నించీ. రాశా సార్."

"ఈ ఆడిట్ గట్టెక్కితే నన్ను కంపెనీలో ట్రైనింగ్ ఆఫీసర్‌గా వేయిస్తానన్నాడు వెంకటనారాయణ గారు. అప్పుడిక ఈ దుమ్ములో కూర్చోనక్కర్లా."

"మరి మాకు?"

"మీకు ఇంగ్లీషు వచ్చింది గదా."

"అబ్బాయ్, చైతన్యా. సారూ గీరూ పక్కనబెట్టి అడుగుతున్నా. మీ అమ్మ కూడా మా ముఠాలో ఆరేళ్ళు తొడిమలు తీసింది."

"ఆ సంగతి ఎత్తొద్దు."

"ఎత్తను. ఒక్కటి చెయ్యి. ముప్పై జతల గ్లౌజులు, చేతులు కడుక్కోడానికి ఒక నీళ్ళ డ్రమ్ము. మేం తెలుగులో అడుగుతాం. నువ్వు అన్నది అన్నట్టు మేడమ్‌కి చెప్పు. ఇంకేం వద్దు. చెప్తానను, ఈ నోట్సు ఇప్పుడే పొయ్యిలో పెట్టేస్తా."

"పొయ్యిలో ఎందుకు? కష్టపడి చెప్పా."

"చెప్తావా, చెప్పవా?"

"బసవమ్మా, మీరు అన్నది అన్నట్టు చెప్పడానికి నేనెందుకు? ఒక మైకు చాలు. నేను చదువుకున్నోణ్ణి. మీ నోట్లోనించి వచ్చేదాన్ని వినేట్టుగా చేసి చెప్పాల. లేకపోతే తెల్లోళ్ళు ఇక్కడికి రారు, కాయ కొనరు, మీకు కూలి ఉండదు. మీ మంచికే చెప్తన్నా."

"ఇదే మాటనా?"

"ఇదే మాట."

"సరే. అడగాల్సింది అడిగా. రాయి కోటేశ్వరీ."

"రాశా అత్తా."

"ఏదీ, ఇటియ్యి నోట్సు. పర్లేదే, కోడిగెలికినట్టు ఉంటదనుకున్నా. అన్నీ రాశావే. గ్లౌజులు కూడా. 'తెలుగులో అంటే అబద్ధంలాగా ఉంటది.' ఇది నా మాటే గదా. రాతలో చూస్తే ఇంకా బాగుంది."

"తప్పులేమన్నా ఉన్నయ్యా సార్?"

"గుడ్ హ్యాండ్స్‌కి ఎస్ వదిలేశావ్, నేను పెట్టా. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది. ఆశ్చర్యం."

"అయితే కింద సంతకం పెట్టండి సార్. స్కూల్లో మా మాస్టారు పెట్టేవాళ్ళు."

"అలవాటు పోలా నీకు. ఎర్ర పెన్నుందా?"

"మీ జేబులోనే ఉంది సార్."

"అవును. ఇదిగో, వెరీ గుడ్. పదికి ఏడు. ఏడు ఎక్కువే, దిద్దే చెయ్యి నాది కాబట్టి. పూర్తి పేరు పెట్టనా?"

"పెట్టండి సార్. పక్కన స్పోకెన్ ఇంగ్లీష్ అని కూడా. తేదీ."

"తేదీ వేశా. ఫోన్ నంబరు కూడా వేశా, ఎవరికన్నా చూపిస్తే అడ్మిషన్లు వస్తయ్. పొద్దున్నే ఇంకోసారి చదువుకో."

"నేను చదువుకోను సార్. చాంద్‌బీ పిన్ని కూతురు రిహానా చదువుద్ది."

"రిహానా ఎవరు? నిరుటిదాకా సెలవుల్లో వచ్చి ఇక్కడ తొడిమలు తీసిన పిల్లేనా? దానికెందుకు?"

"ఆ పిల్లే. హైదరాబాదులో ఎమ్మే అయిపోయింది. ఈ ఏడు మీ బదులు మేడమ్‌కి మా మాటలు ఇంగ్లీషులో చెప్పేది తనే. నిన్నొచ్చి అడిగింది, ఆడిట్‌కి ముందు మీకు ఎవరన్నా పాఠాలు చెప్తన్నారా అని. చెప్తే ఏం చెప్పారో, ఎవరు చెప్పారో కాగితం మీద పెట్టి ఇవ్వమంది."

"కోటేశ్వరీ, ఆ నోట్సు ఇటియ్యి."

"ఏం చెప్పారో నేను రాశా సార్. ఎవరు చెప్పారో మీరే రాశారు."